బోణీ కాని పెట్టె

నరసరావుపేటలో నాగరత్నమ్మకు శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్లు గేటు దగ్గరే ఆగిపోతారు. "వీలైతే రండి వదినా" అంటారు గాని, తప్పకుండా రావాలని ఎవరూ అనరు. ఆవిడకూ ఆ సంగతి తెలుసు, వెళ్లదు. వెళ్తే పందిట్లో ఆవిడ పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోతుంది. ఆవిడ చేయించే సరుకు అలాంటిది మరి. మనిషి పోయాక, రావలసినవాళ్లు వచ్చేదాకా ఆ మనిషిని చెడకుండా ఉంచే ఫ్రీజర్ బాక్సులు చేయిస్తుంది. పల్నాడులో దాన్ని ఐసు పెట్టె అంటారు. ఊరి చివర రేకుల షెడ్డు, అందులో నలుగురు పనివాళ్లు, వాళ్లమీద హబీబుల్లా అనే మేస్త్రీ. అదే ఆవిడ కంపెనీ.

కోమట్లింట పుట్టి, కోమట్లింట మెట్టి, శవాల పెట్టెలు అమ్ముకునే ఖర్మేమిటని మరుదులు మొహం మీదే అడిగారు. అడగరా మరి, వాళ్ల అమ్మ పోయినప్పుడు వాళ్లంతా పక్కనే ఉన్నారు. తన తల్లి పోయినప్పుడు నాగరత్నమ్మ లేదు. అదీ తేడా.

భర్త ఉన్న రోజుల్లో వాళ్లది ఫ్రిజ్జులూ ఫ్యాన్లూ అమ్మే కొట్టు. భార్యాభర్తలిద్దరూ కాశీ వెళ్లి ఉండగా రెంటచింతలలో ఆవిడ తల్లి కోటమ్మ పోయింది. మే నెల. రెంటచింతల ఎండ గురించి పల్నాడు వాళ్లకు చెప్పక్కర్లేదు, బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. రైళ్లు మారి, బస్సులు మారి వచ్చేసరికి చితి కూడా చల్లారిపోయింది. ఇక ఉంచలేకపోయామమ్మా అన్నారు బంధువులు. ఒక్కగానొక్క కూతురికి కడసారి చూపు దక్కలేదు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే మాట అన్నారు, "నిద్రపోతున్నట్టే ఉందమ్మా మీ అమ్మ" అని. ఆ మాట అందరికంటే ముందు అన్నది మార్తమ్మ.

మార్తమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి. కోటమ్మ మంచాన పడ్డాక ఎత్తిందీ దించిందీ ఆవిడే, ఆఖరి స్నానం చేయించిందీ ఆవిడే. అందుకే నాగరత్నమ్మ పుట్టింటికి పోయినప్పుడల్లా మార్తమ్మనే పట్టుకునేది.

"నిజం చెప్పు మార్తక్కా. అమ్మ మొహం ఎట్టా ఉంది?"

"చెప్పాగా అమ్మాయిగారూ. నిద్రపోతున్నట్టే ఉంది."

అలా అని, మార్తమ్మ లేచి ఏదో ఒక పని కల్పించుకునేది. నిజం చెప్పేవాళ్లు లేచి వెళ్లరు. ఎన్ని ఏళ్లు గడిచినా నాగరత్నమ్మ ఆ మాట నమ్మలేదు. నమ్మలేకే, మూసిన కళ్ల వెనక తల్లి మొహాన్ని రకరకాలుగా ఊహించుకుని ఏడ్చింది.

ఆ ఏడుపులోంచే కంపెనీ పుట్టింది. కొట్లో ఫ్రిజ్జులు బాగుచేసే హబీబుల్లాను పిలిచి, "మనిషి పట్టేంత ఫ్రిజ్జు చేయగలవా?" అని అడిగింది. దుఃఖంతో అక్కకు మతి చలించిందనుకున్నాడు పాపం. తర్వాత కూర్చుని గీతలు గీశాడు. మొదటి పెట్టె నీళ్లు కారింది. రెండోది నిలబడింది. దాన్ని తల్లి పేరు రాయించి రెంటచింతలకు ఉచితంగా ఇచ్చి, మార్తమ్మ పంచలో పెట్టించింది. ఏ కూతురికీ తనకు పట్టిన గతి పట్టకూడదని, అంతే. భర్త పోయాక కొట్టు ఎత్తేసి, ఇదే బతుకుతెరువు చేసుకుంది.

మార్తమ్మ ఆ పెట్టెను పసిబిడ్డలా చూసుకుంది. వాడిన ప్రతిసారీ డెటాల్ నీళ్లతో తుడిచేది. తెల్లటి గుడ్డతో, అంచుకు లేసు కుట్టి, దానికో ముసుగు తయారుచేసింది. తాళంచెవి బొడ్లోనే ఉండేది. మార్తమ్మ ఇంట్లో ఉన్న పెట్టెలో మావాళ్లను పడుకోబెట్టడమేమిటని మొదట్లో కొన్ని వీధుల వాళ్లు మూతి విరిచారు. ఆ విరుపు ఏప్రిల్ దాకా నిలిచింది. మే వచ్చాక అన్ని వీధులనుంచీ కబుర్లు వచ్చాయి. వచ్చినవాళ్లది ఏ కులమో, ఏ పార్టీయో మార్తమ్మ ఒక్కసారీ అడగలేదు. "పిల్లలు బయల్దేరారా?" అని మాత్రం అడిగేది.

ఈ వ్యాపారానికి దాని మర్యాదలు దానికున్నాయి. బతికున్న మనిషి కోసం ఎవరూ పెట్టె చేయించరు, అపశకునం. పోయినవాళ్ల సంవత్సరీకం నాడు, వాళ్ల పేరున ఊరికి దానం ఇస్తామని చేయించుకుంటారు. కాగితాలుండవు. షెడ్డులో కొబ్బరికాయ కొట్టి ఫలానా తిథికి ఇస్తానని మాట ఇస్తే చాలు. సరుకు తీసుకెళ్లేవాళ్లతో మళ్లీ రండి అనకూడదు. ఇక పల్నాడు కాబట్టి ఇంకో సంగతీ ఉంది. ఊరికి రెండు పార్టీలు, రెండు వాటర్ ప్లాంట్లు, వినాయకచవితికి రెండు విగ్రహాలు. ఒక పార్టీ పెద్దమనిషి ఐసు పెట్టె ఇచ్చాడంటే, ఆ పెట్టెలో రెండో పార్టీవాళ్ల శవం పడుకోదు. వాళ్లూ ఒకటి ఇవ్వాల్సిందే. "వీళ్లు కలిసిపోనంతకాలం మనకు పనికి కొదవ లేదక్కా" అని నవ్వేవాడు హబీబుల్లా. అదృష్టం చూడండి, ఎవరూ కలిసిపోలేదు గాని పనే ఆగిపోయింది.

పెట్టెకు కావలసిన రేకూ చెక్కా ఇక్కడే దొరుకుతాయి. అద్దం మూత విజయవాడ నుంచి వస్తుంది. కంప్రెసర్ ఒక్కటే చైనా నుంచి రావాలి. చిన్న గుమ్మడికాయంత నల్లటి ఇనుప గుండు అది. ఆడితేనే చల్లదనం, ఆడకపోతే అది ఉత్త రేకుల డొక్కు. పోయిన ఏడాది చివర్లో ఆ గుండ్లు రావడం తగ్గింది, ఆనక పూర్తిగా ఆగింది. డీలరుకు ఫోన్ చేస్తే మొదట ఓడ ఆలస్యమన్నాడు. తర్వాత అక్కడి ఫ్యాక్టరీలోనే సరుకు తయారు కావడం లేదన్నాడు. ఆ తర్వాత, కంటెయినర్ వచ్చింది గాని ఏదో కొత్త ముద్ర లేదని రేవులో నిలబెట్టారన్నాడు. సముద్రం అంత పెద్దదని నాగరత్నమ్మకు అప్పుడే తెలిసింది.

నడుమ కొద్దిగా సరుకు దిగిందని తెలిసి, ఆవిడ బస్సెక్కి విజయవాడ పోయి డీలరు ఎదుట కూర్చుంది. దిగింది దిగినట్టే ఏసీల కంపెనీలు ఎత్తుకుపోయాయి. లారీల లెక్కన కొనేవాళ్లుండగా నాలుగు అట్టపెట్టెలు కొనే మనిషి ఎవరి కంటికి ఆనుతుంది?

"బతికున్నోళ్లకే ఏసీలు దొరకట్లా తల్లీ. పోయినోళ్లకు ఏంది తొందర?" అన్నాడు డీలరు, టీ తెప్పించి మరీ.

నాగరత్నమ్మ ఆ టీ తాగలేదు. ఒళ్లు మండిపోయింది. ఆ టీ మొహాన కొట్టి వచ్చినా గుండ్లు రావని తెలుసు కనుక దణ్ణం పెట్టి లేచి వచ్చింది. పాత ఫ్రిజ్జుల కంప్రెసర్లు విప్పి బిగించి చూశారు. అలా బిగించిన పెట్టె బొల్లాపల్లిలో ఒకరింట నడిమధ్యలో ఆగిపోయింది. ఆ ఇంటివాళ్లు తిట్టిన తిట్లు ఫోన్‌లో విని, ఆ రోజుతో పాత సరుకు ముట్టనని ఒట్టు పెట్టుకుంది. షెడ్డులో తయారైన పెట్టెలు గుండ్లు లేక వరసగా పడి ఉన్నాయి. పనివాళ్లలో ఇద్దరు పత్తి మిల్లులో చేరిపోయారు.

సరుకు వచ్చేస్తోందని డీలరు ఇంకా ఒట్టేసి చెబుతున్న రోజుల్లో, కొత్తమల్లవరం నుంచి వెంకట్రామయ్య వచ్చాడు. రెంటచింతల పక్కనే ఉంటుంది ఆ ఊరు. ఆయన పొలం పుట్రా ఉన్న ఆసామి, ఒక పార్టీకి ఊళ్లో పెద్ద. ముందటి వేసవిలో ఆయన తండ్రి బాలకోటయ్య పోయినప్పుడు, ఎదుటి పార్టీవాళ్లు మర్యాదగానే మా పెట్టె తీసుకోండని కబురంపారు. వాళ్ల పెట్టెలో మా నాయన్ని పడుకోబెట్టేదేంది అని, ఆయన నరసరావుపేట దాకా మనిషిని పంపి నాగరత్నమ్మ అద్దె పెట్టె తెప్పించుకున్నాడు. ఇప్పుడు తండ్రి పేరున సొంత పెట్టె ఇవ్వాలని వచ్చాడు.

"సంవత్సరీకం నాటికి పెట్టె ఊళ్లో ఉండాలి చెల్లెమ్మా. ఎమ్మెల్యేగారు వస్తారు. వాళ్ల పెట్టె కంటే జానెడు పొడుగుండాలి."

"పొడుగెందుకు అన్నగారూ? వృథా కదా."

"మా నాయన పొడుగు మనిషి."

ఆ పొడుగు మనిషి కాలి బూడిదై ఏడాది కావస్తోంది. కానీ ఆ ముక్క ఎవరు అనగలరు? నాగరత్నమ్మ కొబ్బరికాయ కొట్టి మాట ఇచ్చింది.

తిథి దగ్గరపడింది. గుండు రాలేదు. సంగతి చెప్పడానికి ఆవిడ ఫోన్ చేస్తే, వెంకట్రామయ్య గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"కాదంటే ఇప్పుడే చెప్పు చెల్లెమ్మా, హైదరాబాద్ నుంచి తెప్పించుకుంటా. కాకపోతే ఊరంతా చెప్పుకున్నా. ఎదుటోళ్లు నవ్వుతారు. వాళ్లు నవ్వాక, మాచర్ల నుంచి శావల్యాపురం దాకా నీ మాట మీద ఇంకెవరు పెట్టె చేయిస్తారో చూద్దాం."

ఫోన్ పెట్టేసి నాగరత్నమ్మ చాలాసేపు షెడ్డులో అటూ ఇటూ తిరిగింది. తర్వాత హబీబుల్లాను పిలిచింది.

"రెంటచింతల పెట్టెకు పోయిన ఏడేగా కొత్త కంప్రెసర్ వేశాం?"

హబీబుల్లాకు అర్థమైంది. "వద్దక్కా" అన్నాడు.

"వారంలో సరుకొస్తది. రాగానే దానికి బిగించి పంపుదాం. ఈలోగా ఏం కొంప మునగదులే."

"అద్దెకు తిరిగేదాంట్లోంచి తీద్దాం."

"వాటి గుండ్లు ముసలివయినాయి, అక్కడికి పోయి ఆగితే? అద్దెలు కూడా లేకపోతే మనం తినేదేంది?"

"ఎండలు ముదురుతున్నాయక్కా. రెంటచింతల అది."

"నాకు చెప్తావా రెంటచింతల గురించి?" అంది నాగరత్నమ్మ.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆవిడ దుర్మార్గురాలు కాదు. కానీ ఇవ్వనంటే కంపెనీని ముంచే మనిషి ఒకవైపు, అడిగితే ఎందుకని కూడా అడగని మనిషి ఇంకోవైపు ఉన్నప్పుడు, మంచివాళ్ల చెయ్యి కూడా రెండోవైపే పోతుంది. ఆవిడ చెయ్యీ అటే పోయింది.

ట్రాలీ ఆటో తీసుకుని తనే వెళ్లింది. మార్తమ్మ పెట్టె మీది ముసుగు తీసి, అద్దం తుడుస్తూ అంది, "బాగానే చల్లబడుతోందిగా అమ్మాయిగారూ?"

"సర్వీసింగ్ మార్తక్కా. వారంలో తెస్తా."

"అట్టాగే. తొందరగా తెండి, ఈ ఎండకు ఎవరో ఒకరు పోతానే ఉంటారు. ఈ గుడ్డ ఇక్కడే ఉంచుతా, ఉతికి పెడతా." ముసుగు మడత పెడుతూ కూతురి సంగతి ఎత్తింది. "మా సింధు మస్కట్‌లో వేరే ఆసుపత్రికి మారింది. క్రిస్మస్‌కు వస్తానంది. వచ్చినప్పుడు మీ ఇంటికి తీసుకొస్తా."

నిజం చెప్పేసి ఖాళీ ఆటోతో తిరిగి వెళ్లిపోదామనిపించింది నాగరత్నమ్మకు. ఆటోవాడు తొందరపెట్టాడు. ఎక్కి కూర్చుంది.

హబీబుల్లా ఆ గుండును విప్పి, తుడిచి, నల్లరంగు వేసి, వెంకట్రామయ్య పెట్టెకు బిగించాడు. కొత్తదనే చెప్పి ఇచ్చారు. సంవత్సరీకానికి ముందురోజే పెట్టె కొత్తమల్లవరం చేరింది. జానెడు పొడుగు, నిగనిగలాడే స్టీలు పట్టీలు, పక్కన బాలకోటయ్య నిలువెత్తు ఫొటో. రిబ్బను కట్టారు, టెంట్లు వేశారు, భోజనాలు పెట్టారు. ఎమ్మెల్యే మాత్రం రాలేదు, ఏదో అర్జంటు పని మీద అమరావతి పోయాడట. ఆయన చేత్తోనే కత్తిరించాలని రిబ్బను అలాగే ఉంచి, పెట్టెను మిరప బస్తాల గోడౌన్‌లో పెట్టి తాళం వేశారు. ఆ సంగతి విని నాగరత్నమ్మ నవ్వింది, ఏడవలేక. ఆ గుండు వెనక్కి ఇవ్వమని అడిగే దారి లేదు. కొత్తదని చెప్పి ఇచ్చిందాయె. తండ్రి పేరు మీది దానంలో శవాల పెట్టె పాత గుండు పెట్టిందని తెలిస్తే వెంకట్రామయ్య ఊరుకుంటాడా?

వారమన్నది గడిచింది. ఇంకో వారమూ గడిచింది. మార్తమ్మ ఒకసారి ఫోన్ చేసి, "అయిందా అమ్మాయిగారూ?" అని అడిగింది. సామాను రావాలంది నాగరత్నమ్మ. సరేనంది మార్తమ్మ.

తర్వాత వడగాడ్పులు మొదలయ్యాయి. పల్నాడంతా కొలిమి అయింది. అద్దె పెట్టెలు ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి అట్నుంచి అటే పోతున్నాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం నాగరత్నమ్మ ఫోన్ మోగింది. చేసింది రాజారత్నం, రెంటచింతలలో చర్చి పనులు చూసే పెద్దాయన.

"మార్తమ్మక్క పోయిందమ్మా. వడదెబ్బ. రేషన్ తెచ్చుకుని వచ్చి పంచలో కూర్చుంది, అట్టాగే ఒరిగిపోయింది. సింధుకు చెప్పాం. సెలవు కాగితాలు అయి, విమానం దొరికి, ఇక్కడికొచ్చేసరికి ఎల్లుండి అవుద్దంట. అమ్మ మొహం చూడకుండా మట్టిలో పెట్టొద్దు అని ఒకటే ఏడుపు. బాక్సు సర్వీసింగ్ అయిందా అమ్మా?"

పంపిస్తున్నానంది నాగరత్నమ్మ. ఏం పంపుతుంది? షెడ్డునిండా పెట్టెలున్నాయి, ఒక్కదానికీ ప్రాణం లేదు. అద్దెకు పోయిన ప్రతి పెట్టె దగ్గరికీ ఫోన్ చేసింది. అన్నిట్లోనూ మనుషులున్నారు. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, తెలిసిన ప్రతివాళ్లనూ అడిగింది. కొత్తమల్లవరంలో ఎదుటి పార్టీ పెట్టె కూడా ఆ ఉదయమే ఎవరింటికో వెళ్లిపోయింది. పల్నాడు మొత్తం మీద ఖాళీగా ఉన్న పెట్టె ఒక్కటే. అది ఎక్కడుందో ఆవిడకు తెలుసు.

ట్రాలీ ఆటోతో కొత్తమల్లవరం చేరేసరికి వెంకట్రామయ్య వసారాలో పడుకుని ఉన్నాడు. లేచి, మజ్జిగ తెప్పించి, అంతా విన్నాడు.

"అయ్యో పాపం" అన్నాడు. నిజంగానే అన్నాడు. "కానీ రిబ్బను ఇంకా తియ్యలేదుగా చెల్లెమ్మా. ఎమ్మెల్యేగారు ఈ నెల్లోనే వస్తానన్నారు."

"రిబ్బను మళ్లీ కట్టొచ్చు అన్నగారూ. రెండు రోజులే. నేనే కడిగి తెచ్చి పెడతా."

"కడిగితే పోయేదా అది? బోణీ కాని పెట్టె. మా నాయన పేరున ఇచ్చింది, పక్కూరి మనిషితో బోణీ అయిందంటే ఎదుటోళ్లు ఊరుకుంటారా? జన్మంతా చెప్పుకుని నవ్వుతారు."

"పోనీ మీ ఊళ్లోనే ఎవరితోనన్నా అయ్యేదాకా అట్టాగే ఉంచుతారా?"

ఆయన మొహం మాడ్చుకున్నాడు. "మావాళ్లు ఎవరన్నా పోవాలని కోరుకుంటావేంది? నిండుగా బతికిన పెద్దమనిషి ఎవరన్నా పోతే, అప్పుడు తీస్తాం. అంతేగాని ఆమె ఎవరు, ఏ వాడ, మనకేంది?"

ఏ వాడ అన్నాడు. ఆ మాటతో అసలు సంగతి బయటికొచ్చింది. తమ వీధివాళ్లను మొదట పడుకోబెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. పరాయి వీధివాళ్లు పడుకుంటే పరువు పోతుంది. ఇంతకీ ఆ పెట్టె ఎవరికోసం చేయించినట్టు?

నాగరత్నమ్మ ఒకసారి చూసి వెళ్తానంటే గోడౌన్ తాళం తీయించాడు. మిరప ఘాటుకు కళ్లు మండాయి. ఎర్ర రిబ్బనుతో పెట్టె మెరుస్తూ ఉంది. అడుగున జాలీ వెనక, రంగు వేసిన గుండు కనిపిస్తోంది. ఇది మార్తక్కది, ఆమె మోటారు ఇది, ఆమె దగ్గరనుంచి అబద్ధమాడి తెచ్చాను అనాలని నోటిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? మోసం చేశావని నలుగురినీ పిలుస్తాడు. పెట్టె రాదు, కంపెనీ పోతుంది. అలా లెక్కలు వేసుకుంటూ నిలబడింది, నోరు తెరవలేదు. ఆ నిలబడ్డ కాసేపటికి తర్వాత ఎన్నిసార్లు తనను తాను తిట్టుకుందో ఆవిడకే తెలుసు.

మాచర్ల పోయి ఐసు దిమ్మలు కొని, ఊకలో చుట్టి తెచ్చింది. మార్తమ్మను పంచలోనే, పెట్టె ఉండే చోటే పడుకోబెట్టారు. కింద ఐసు, పక్కల ఐసు, గుమ్మానికి తడిపిన గోనెలు. నాగరత్నమ్మ కొంగు దోపుకుని, రాజారత్నం వాళ్లతోపాటు తనూ దిమ్మలు మోసింది. ఒక దిమ్మ సర్దేలోపు ఇంకోటి నీళ్లయి వాకిట్లోకి పారేది. మర్నాడు పొద్దెక్కేసరికి ఎక్కడా ఐసు దొరకలేదు. ఉన్న ఐసంతా పెళ్లిళ్లకూ చెరుకు రసం బండ్లకూ పోయింది. మధ్యాహ్నానికి పంచలో కూర్చోలేక ఒక్కొక్కరే బయటికి వచ్చేశారు. ఫాదరుగారు వచ్చి చూసి, ఇక ఆపొద్దన్నారు. రాజారత్నం ఫోన్ తీసుకుని అవతలికి పోయి సింధుతో మాట్లాడాడు. తిరిగొచ్చి గోడకేసి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

శవపేటిక మూసేముందు మొహం మీది గుడ్డ తీసి సర్దింది నాగరత్నమ్మే. మిగతావాళ్లు దగ్గరికి రాలేకపోయారు. ఆవిడ చూసింది. చూసి, గుడ్డ మళ్లీ కప్పేసింది. మార్తమ్మ తన దగ్గరనుంచి ఇన్నేళ్లూ ఎందుకు లేచి వెళ్లిపోయేదో ఆ క్షణంలో తెలిసింది.

సింధు వచ్చేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరింది.

కార్యాలన్నీ అయ్యాక, ఒక ఉదయం ఆ పిల్ల నరసరావుపేట షెడ్డుకు వచ్చింది. ముప్పై దాటిన మనిషి, తల్లి పోలికే, నిద్ర లేక కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆ రోజే, దరిద్రం కాకపోతే, లారీ ఆఫీసు నుంచి అట్టపెట్టెలు దిగాయి. ఇన్నాళ్లూ సముద్రంలో ఉన్నాయో రేవులో ఉన్నాయో ఎవరికీ తెలియని గుండ్లు గుమ్మం పక్కన పేర్చి ఉన్నాయి. హబీబుల్లా ఆ పిల్లను చూసి, కుర్చీ వేసి, షెడ్డు వెనక్కి వెళ్లిపోయాడు.

సింధు సంచిలోంచి ఉతికి మడతపెట్టిన తెల్ల ముసుగు తీసింది, దానిమీద తాళంచెవి పెట్టి ఇచ్చింది. "ఇల్లు ఖాళీ చేస్తున్నా ఆంటీ. బాక్సు సర్వీసింగ్ అయ్యాక రాజారత్నం మామయ్య వాళ్లింట్లో పెట్టించండి. ఊళ్లో ఇంకెవరికన్నా అవసరం పడుద్ది. అమ్మ ఫోన్‌లో చెప్పింది, పాడైతే మీరు తీసుకెళ్లారని."

తప్పించుకోవడానికి ఇంతకంటే పెద్ద తలుపు ఎవరు తెరుస్తారు? అవునమ్మా అంటే అయిపోయేది. నాగరత్నమ్మ ఆ ముసుగును ఒళ్లో పెట్టుకుని లేసు అంచు తడుముతూ కూర్చుంది.

"పాడవలా అమ్మా" అంది చివరికి. "బాగానే ఉంది. అందులో మోటారు విప్పి ఇంకొకళ్లకు ఇచ్చా. సరుకు రాలా, మాట ఇచ్చా, పెద్దమనిషి. మీ అమ్మయితే ఏమీ అనదని విప్పుకొచ్చా."

సింధు లేచి నాలుగు దులుపుతుందేమోనని నాగరత్నమ్మ చూసింది. దులిపితే బాగుండుననీ అనుకుంది. ఆ పిల్ల మాత్రం గుమ్మం పక్క అట్టపెట్టెలకేసి చూస్తూ కూర్చుంది. వాటిమీద రాసినవి చదువుతున్నట్టే ఉంది.

"ఇయ్యేనా?" అంది.

"ఇయ్యే."

సింధు ఈవైపు తిరిగింది.

"గుడ్డ సర్దింది మీరేనంట. మామయ్య చెప్పాడు. ఆంటీ, మా అమ్మ మొహం ఎట్టా ఉంది?"

ఆవిడ జీవితమంతా అడిగిన ప్రశ్న. నిజం చెప్పు నిజం చెప్పు అని మార్తమ్మను చంపుకు తిన్న ప్రశ్న. నాగరత్నమ్మ నోరు తెరిచింది. ఆ పంచలో గుడ్డ కింద చూసింది కళ్లముందు నిలబడింది.

"నిద్రపోతున్నట్టే ఉందమ్మా" అంది.

అని, లేచింది. మంచినీళ్లు తెస్తానంటూ కుండ వైపు నడిచింది. గ్లాసు ముంచింది.

"నేను నర్సును ఆంటీ" అంది వెనకనుంచి సింధు. సంచి భుజాన వేసుకుని, ఆ నీళ్లు తాగకుండానే మాచర్ల బస్సుకు వెళ్లిపోయింది.